దేవదానం కట్టిన జీపు

“అంత తెలిసినోనివి, ఆ పొద్దు నోట్లో ఏం పెట్టుకోనుంటివి?”

“నోట్లో ఏముంటాదప్పా. నాలికే ఉండె.”

“నాలికుంటే చెప్పాల. మూడేండ్ల తర్వాత నా వాకిట్లోకొచ్చి, తాడు తడిపిన పాపం నాదంటాండావ్.”

“పాపమని నేనన్లేదు. తడి తాడుతో జీపు కట్టనంటాండా. అంతే.”

నేను ట్రాక్టరు సీటు మీద ఉన్నాను. వెనక ట్రాలీ, దానికి అవతల వాళ్ళిద్దరూ. మనుషులు కనబడరు గానీ మాటలు ఒక్కటీ తప్పిపోకుండా వినబడుతున్నాయి. మొదటి గొంతు మా మేనమామ చెన్నకేశవులుది. ఆళ్లగడ్డలో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు, దానికి ఎదురు చెప్పినవాళ్ళూ పెద్దగా లేరు. రెండో గొంతు నంద్యాల మార్కెట్ యార్డులో మూటలు మోసే దేవదానానిది. మా మామకు అతను మాటకు మాట చెప్పడం నేను వినడం అదే మొదలు.

అది 1979 ఏప్రిల్. నేను నంద్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం సగంలో వదిలేశాను. ఊరికే తిరిగేవాడు ట్రాక్టరైనా తోలితే మేలని మా నాయన నన్ను మామ దగ్గరికి పంపాడు. నా గురించి అంతకంటే చెప్పాల్సింది లేదు.

మామకు నల్లమల అంచున చేను ఉంది. నల్లరేగడి. వాన పడితే ఎద్దులబండి ఇరుసు దాకా దిగబడే నేల. అందుకని వేలంలో ఒక పాత మిలిటరీ జీపు కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. రెండు వానాకాలాలు ఆ బురదలో బాగానే తిరిగింది. ఈ వేసవిలో స్టీరింగు విరిగింది. బ్రేకులు అంతకుముందే పోయాయి. బాగుచేసే మెకానిక్కు నంద్యాలలో ఉన్నాడు. స్టీరింగూ బ్రేకులూ లేని బండిని తాడేసి లాక్కుపోలేం. ట్రాలీ మీదికి ఎక్కించి, కదలకుండా కట్టి, నలభై కిలోమీటర్లు మోసుకుపోవాలి. ఆ కట్టు తెలిసినవాడు ఆ చుట్టుపక్కల దేవదానం ఒక్కడే. అతనేమో మూడేళ్ళుగా తాడు ముట్టడం లేదు.

దేవదానానిది గోస్పాడు దగ్గర పల్లె. నాయన ఇమ్మానుయేలు కపిల బావులకు తోలు బానలు కుట్టేవాడు. ఎద్దులు లాగితే బావిలోంచి నీళ్ళు పైకి తెచ్చే పెద్ద తోలు సంచి అది. పది ఊళ్ళ చేలు ఆయన కుట్టు మీద తడిసేవి. ఆయిల్ ఇంజన్లు వచ్చాక బానలు మూలపడ్డాయి. దేవదానం నాయన దగ్గర నేర్చిన పని వదిలేసి లారీ ఎక్కాడు. శ్రీశైలం డ్యాం కడుతున్న రోజుల్లో అక్కడికి మిషన్లు మోసే ట్రైలర్ల మీద ఏడేళ్ళు పనిచేశాడు. బుల్డోజర్లు, జీపులు, కాంక్రీటు కలిపే మిషన్లు ఘాటు రోడ్డు మీద పోవాలి. కట్టడం అక్కడ ఒక సర్దార్జీ డ్రైవరు నేర్పాడు. సర్దార్జీకి తెలుగు రాదు, ఇతనికి హిందీ రాదు. ఎట్లా నేర్చుకున్నావని అడిగితే, “తప్పు కడితే చెంప మీద ఒకటిచ్చేటోడు. భాషతో పనేముంది” అన్నాడు.

తర్వాత నంద్యాల లారీ స్టాండులో లోడ్లు కట్టేవాడయ్యాడు. అతను కట్టిన లోడు విప్పేవాళ్ళు అతన్ని తిట్టుకోకుండా విప్పలేదంటారు, అంత బిగువు. 1976 మార్చిలో మా మామ పత్తి బోరేలను, పత్తి కుక్కిన పెద్ద గోతాలను, ట్రాలీకెత్తి కట్టింది అతనే. లోడు మీద కూర్చున్నది అతని బామ్మర్ది గురుస్వామి. శిరివెళ్ల దాటాక కట్టు వదులై బోరేలు పక్కకు జారాయి. గురుస్వామి రోడ్డు మీద పడ్డాడు, అతని మీద రెండు బోరేలు పడ్డాయి. తొడ ఎముక విరిగింది. అతుక్కుంది గానీ కాలు రెండంగుళాలు పొట్టిదైంది. మూటలు మోసే మనిషి ఇప్పుడు యార్డులో ఒకచోట కూర్చుని గోతాల మూతులు కుడుతున్నాడు.

ఆ తర్వాత దేవదానం ముడి నంద్యాలలో నవ్వులాట అయిపోయింది. యార్డులో ఎవడి లుంగీ జారినా, “దేవదానంతో కట్టించుకున్న్యావా ఏంది” అనేవాళ్ళు. అతను విని మూట ఎత్తుకుని పోయేవాడు. ఇంట్లో ఇంకా కష్టం. గురుస్వామికి పెళ్ళి కాలేదు, అక్క హన్నమ్మ దగ్గరే ఉంటాడు. హన్నమ్మ దేవదానం భార్య. అంటే రోజూ రెండు పూటలా ఆ కాలికి ఎదురుగా కూర్చుని అన్నం తినాలి. గురుస్వామి ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. “దేవుని చిత్తం బావా, నీ చెయ్యి కాదు” అనేవాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేదేమో.

జీపు కట్టడానికి రమ్మని మామ రెండుసార్లు కబురు పంపితే దేవదానం రాలేదు. మూడోసారి నేనే యార్డుకు పోయాను.

“నేను కట్టేది మానేసినా అప్పా. ఇంకెవురినన్నా చూసుకోండి.”

“ఇంకెవరూ లేరు దేవదానన్నా. నువ్వు రాకపోతే జీతగాడు కొండయ్యతో కట్టిస్తాడు మామ.”

“కొండయ్యా? వానికి గడ్డిమోపు కట్టేది రాదే.”

“గడ్డిమోపు మాదిరే కడతాడు. తోలేది నేను. జీపు నా ఈపు ఎనకాలే ఉంటాది.”

అతను నన్ను పైనుంచి కింది దాకా ఒకసారి చూశాడు, బరువు అంచనా వేసినట్టు. “రేపు పొద్దున ఏ బస్సు?” అన్నాడు.

మర్నాడు వాకిట్లోకి రాగానే అతని కన్ను కుడితి తొట్టి మీద పడింది. అందులో తాళ్ళు నానుతున్నాయి. మామ ఇంట్లో అది పాత అలవాటు. బరువు కట్టాలంటే ముందురోజే తాళ్ళు నానేసి, పొద్దున తడి మీదే కడతారు. తడి తాడు చేతికి పట్టునిస్తుంది, కట్టేటప్పుడు జారదు, ఎండకు ఆరి ఇంకా బిగుసుకుంటుందని వాళ్ళ నమ్మకం. మూడేళ్ళ కింద పత్తి కట్టిన తాళ్ళూ అట్లా నానినవే. జీతగాడు కొండయ్య ఎవరూ చెప్పకుండానే ముందురోజు తొట్లో పడేశాడు. తగాదా అక్కడ మొదలైంది.

నేను ట్రాక్టరు దిగి ట్రాలీ చుట్టూ తిరిగి పోయేసరికి మామ ముఖం కందిపోయి ఉంది.

“మా తాత కాన్నుంచి తడిపే కడతాండాం. ఏ బండీ బోర్లా పళ్ళేదు.”

“మీ తాత కట్టింది తోలు వార్లతో. ఆ వార్లు కోసిచ్చింది మా నాయన. తోలు తడిపి కడితే ఆరేకొద్దీ బిగుస్తాది. ఇది జనపనార. తడిస్తే ఉబ్బి పొట్టిదయితాది, ఆరితే సన్నమై సాగుతాది. రెండిటి పుటక వేరప్పా.”

“నాకు పాఠం చెప్పేకొచ్చినావా?”

“నువ్వే కబురు చేస్తే వచ్చినా. ఈ తాడుతో కట్టమంటే ఇప్పుడే బస్టాండుకు పోతా. కడితే, ఈ పిల్లోడు బ్రేకేసినప్పుడు జీపు వచ్చి వీని ఈపు మీద కూచుంటాది. నీ చెల్లెలు కొడుకే గదా.”

అంత పచ్చిగా చెబుతాడని మామ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. కొండయ్య పళ్ళపుల్ల నోట్లోంచి తీసి నా వీపు వైపు చూశాడు.

“తాడు వదులైతాదని ఏమి గ్యారంటీ?” అన్నాడు మామ, గొంతు రవ్వంత తగ్గించి.

“ఒక గంట టైమియ్యి.”

దేవదానం తొట్లోంచి ఒక తాడు తీశాడు. ఎండలో నిలబెట్టిన ట్రాలీ కమ్మీకి నాలుగు చుట్లు చుట్టి, కాలు తన్నిపెట్టి గుంజి ముడేశాడు. మామను పిలిచి, “వేలు దూర్చు చూద్దాం” అన్నాడు. మామ వేలు పెట్టాడు. గోరు కూడా పోలేదు.

“ఉండనీ దాన్నట్ల. మనం జీపెక్కిద్దాం.”

పెరట్లో ఎరువు బండ్లకెత్తే మట్టి గట్టు ఉంది. ట్రాలీని వెనక్కి తోలి గట్టుకు ఆనించి, మధ్యలో రెండు దూలాలు పరిచాం. ఆరుగురు మనుషులు జీపును నెట్టారు. బరువు ట్రాలీ మీద పడగానే మనవాళ్ళు, ఎక్కింది కదా, చాల్లే అని వదిలేశారు. దేవదానం ఒప్పుకోలేదు. ట్రాలీకి రెండే చక్రాలు. జీపు ఎక్కడ నిలబడుతుందన్నదాని మీద అంతా ఉందన్నాడు.

“బరువు ఇరుసుకు రవంత ముందుకు పడాల. ఎనక్కుంటే ట్రాక్టరుకు తగిలించిన ఈ కొండి పైకి లేస్తాది, దాంతో ట్రాక్టరు తోక లేస్తాది. శానా ముందుకొస్తే ట్రాక్టరు నడుము మీద కూచుంటాది.”

జానెడు ముందుకు, మళ్ళీ బెత్తెడు వెనక్కి, మళ్ళీ నాలుగు వేళ్ళు ముందుకు. ఒక్కోసారి ట్రాలీ కొండి దగ్గర వంగి, అది ఎంత దిగిందో చూసి వచ్చేవాడు.

“పెండ్లికూతురు పీట మీద కూచున్నంత సేపు పడతాందే,” అన్నాడు కొండయ్య.

“నీ పెండ్లాం పీట మీద కూచున్నాక కదిలిందా? ఇదీ కదలగూడదు,” అన్నాడు దేవదానం. జీపు నెట్టేవాళ్ళు నవ్వుతూ ఒక్కసారి తోశారు. కావాల్సిన చోటికి వచ్చి నిలిచింది.

చక్రాల కింద ముందూ వెనకా చెక్క దిమ్మెలు దిగ్గొట్టించి, అవి జారకుండా ట్రాలీ పలకకు సీలలు కొట్టించాడు. జీపును గేరులో పెట్టాడు. అప్పుడు మామ బానెట్ మీదుగా, సీట్ల మీదుగా అడ్డంగా నాలుగు కట్లు వేద్దామన్నాడు, బోరేలకు వేసినట్టు.

“వేస్తే పైన బిగువుగా కనపడతాది. లోపల స్ప్రింగులుండాయి. గుంతలో దిగినప్పుడల్లా జీపు ఒళ్ళు కుంగుతాది, లేస్తాది. కుంగినప్పుడు తాడు వదులు. మనిషిని కట్టేయాలంటే చొక్కా పట్టి కడతామా? కాళ్ళు కడతాం. దీని కాళ్ళు ఇరుసులు.”

టింబర్ డిపో నుంచి దుంగలు లాగే గొలుసులు నాలుగు తెప్పించాం. దేవదానం ట్రాలీ మీద బోర్లా పడుకుని జీపు కిందికి దూరాడు. ముందు ఇరుసు కుడి కొస నుంచి గొలుసు ట్రాలీ ఎడమ మూలకు, ఎడమ కొస నుంచి కుడి మూలకు. వెనక ఇరుసుకూ అట్లాగే. అడ్డంగా దాటించి కడితే జీపు పక్కలకు కూడా జరగదు. ఒక్కో గొలుసు నడుమ గడ్డపార దూర్చి మెలిపెట్టాడు. మెలి తిరిగేకొద్దీ టైర్లు నొక్కుకుని, జీపు ట్రాలీకి అంటుకుపోయింది. మెలి మళ్ళీ విప్పుకోకుండా గడ్డపారను కూడా కట్టేశాడు, అంగట్లోంచి తెచ్చిన పొడి తాడుతో. కింది నుంచి బయటికి వచ్చేసరికి వీపంతా గ్రీజు.

అప్పటికి గంట దాటింది. ట్రాలీ కమ్మీ దగ్గరికి మామ తనంతట తానే పోయాడు. తాడు తెల్లగా ఆరిపోయి ఉంది. వేలు పెట్టాడు, పోయింది. రెండో వేలూ పెట్టాడు, అదీ పోయింది. రెండు వేళ్ళూ అట్లాగే లోపలుంచి కాసేపు నిలబడ్డాడు. ఆ వేళ్ళకు ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. శిరివెళ్ల అవతల రోడ్డు మీద పడిన పత్తి నేనూ చూశాను.

వేళ్ళు బయటికి తీసి కొండయ్య వైపు తిరిగాడు. “కొండయ్యా, తొట్లో తాళ్ళన్నీ తీసి ఎండేయ్,” అని లోపలికి పోయాడు. మా మామ నోటి నుంచి అంతకంటే పెద్ద ఒప్పుకోలు నేను ఎప్పుడూ వినలేదు. కాసేపటికి మా అత్త ఉమామహేశ్వరమ్మ దేవదానానికి మజ్జిగ చెంబు తెచ్చి, “ఆయప్ప పంపినాడు” అంది.

పన్నెండింటికి బయల్దేరాం. ట్రాలీలోకి ఎవరినీ ఎక్కనివ్వలేదు దేవదానం. “బరువుతో పాటు మనిషిని పంపకూడదు” అన్నాడు. తను నా పక్కన మడ్‌గార్డు మీద వెనక్కి తిరిగి కూర్చున్నాడు. నేను రోడ్డు చూస్తుంటే అతను జీపు చూశాడు. మూడు కిలోమీటర్లు పోయాక ఆపమన్నాడు. దిగి నాలుగు గొలుసులనూ సుత్తితో ఒక్కో దెబ్బ కొట్టి విన్నాడు. ఒకటి మొద్దుగా పలికింది. ఇంకో అర మెలి పెట్టాడు.

“ఏ కట్టయినా మొదట్లో రవంత కూచుంటాది. ఆ పొద్దు నేను ఈడ ఆపించల్యా.”

అట్లా దారిలో ఐదుసార్లు ఆపించాడు. నాకు విసుగొచ్చింది, ఆ మాట అనేశాను కూడా. “విసుక్కో, ఈపు మంచిగుంటాది” అన్నాడు.

శిరివెళ్ల దాటాక వాగు దగ్గర రోడ్డు పల్లానికి దిగుతుంది. బండి మంచి ఊపులో ఉండగా తుమ్మచెట్ల వెనక నుంచి బర్రెల మంద రోడ్డెక్కింది. తోలేవాడెవడూ కనబడలేదు. నేను బ్రేకు మీద నిలబడ్డాను. ట్రాక్టరు టైర్లు కీచుమన్నాయి. వెనక ట్రాలీ ఒక్క తోపు తోసింది, నా ఛాతీ స్టీరింగుకు కొట్టుకుంది. గొలుసులు నాలుగూ ఒక్కసారి గట్టిగా మూలిగాయి. తర్వాత వచ్చేది ఏమిటో నా వీపుకు తెలుసు. కళ్ళు మూసుకున్నాను.

ఏమీ రాలేదు.

తెరిచి చూస్తే ఒక బర్రె మా ముందు నిలబడి నెమరేస్తోంది. వెనక్కి తిరిగాను. జీపు ఎక్కించిన చోటే ఉంది. చెక్క దిమ్మె ఒకటి నిలువునా చీలింది, గొలుసు మాత్రం ఒక్క లంకె కూడా జరగలేదు. దేవదానం మడ్‌గార్డు మీద రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో తిట్టో తెలియదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. శబ్దం లేదు, కడుపు మాత్రం ఎగిరెగిరి పడుతోంది. నాకూ నవ్వొచ్చింది. బర్రెలన్నీ దాటిపోయినా మేమిద్దరం అక్కడే, ఇంజన్ ఆగిపోయిన ట్రాక్టరు మీద, నవ్వుతూ ఉండిపోయాం.

నంద్యాల మెకానిక్కు షెడ్డులో గొలుసులు విప్పడానికి ముగ్గురు తంటాలు పడ్డారు. “ఎవరు కట్టినార్రా దీన్ని” అని ఒకడు తిట్టుకున్నాడు. దేవదానం పక్కనే నిలబడి ఆ తిట్టును హాయిగా విన్నాడు. జీపు నేల మీదికి దిగాక, కుళాయి దగ్గర ముఖం, మెడ కడుక్కున్నాడు. గోళీసోడా తాగాడు, ఇంకోటి తాగాడు.

అతను తర్వాత మళ్ళీ లారీ స్టాండులో లోడ్లు కట్టాడు. ఈ నాలుగేళ్ళలో మా మామ పత్తి కూడా కట్టాడు. లుంగీ జోకులు ఇంకా వేస్తారు. మంచి జోకు జనం ఊరికే వదలరు. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ రోజు సోడా తాగాక అతను అన్న మాట.

ఖాళీ ట్రాలీ అంచు మీద కూర్చున్నాం. పొద్దున మామ అడిగిందే నేనూ అడిగాను. తడి తాడని అప్పుడు తెలియదా అని. నాకు అడగకుండా ఉండటం రాదు.

“తెల్సు,” అన్నాడు.

నేను అతని వైపు తిరిగి కూర్చున్నాను.

“తాడు పట్టుకుంటానే చేతికి చల్లగా తగిలింది. తోలు పని చేసినోని కొడుకును, నాకు తెలీకుండా ఎట్లుంటాది. పైన గురుస్వామి బీడీ ముట్టిస్తాండె. పక్కన మీ మామ కానీ, కానీ అంటాండె. పొడి తాడు అడగాల. ఆయప్పకు ఎవురు ఎదురు చెప్తారులే అనుకొని కట్టేసినా. ముడి మంచిదే. ముడి జారల్యా.”

“మరి ఊరంతా నీ ముడి జారిందంటే ఎందుకు పడినావు?”

“ముడి కాదంటే, మరేందని అడుగుతారు గదా.”

“తప్పు మా మామది.”

“మీ మామకు తెల్దు. తెలీనోని తప్పెంత, తెల్సినోని తప్పెంత.” సీసాలో గోళీ ఆడించాడు. “ఈ పొద్దు చెప్పినా గదా. చెప్తే ఏమైంది? మజ్జిగిచ్చినారు.”

ఆ మాటకు తనే నవ్వుకున్నాడు. మూడేళ్ళు మోసిన మూట దించి మెడ నిమురుకుంటున్నట్టు ఉన్నాడు. కాసేపటికి నవ్వు ఆగింది. యార్డు వైపు చూశాడు. ఇంకా చాలా పొద్దుంది. గురుస్వామి ఆ వేళకు అక్కడే ఉంటాడు, గోతాల మధ్య.

“నాతో యార్డు దాకా రా నాయనా,” అన్నాడు. “గురుస్వామికి చెప్పాల. నేను మొదలుపెడ్తానే వాడు దేవుని చిత్తం బావా అంటాడు, నేను సరేలే అని లేస్తా. మూడేండ్లుగా ఇదే జరుగుతాండాది. నువ్వు ఊరికే పక్కన కూచో, ఏం మాట్లాడొద్దు. ఈసారి చెప్పకుండా లేచినానంటే, నా భుజం పట్టి కూచోబెట్టు.”